భార్యాభర్తలు కలిసి నవలల సిరీస్ రాయాలంటే: తొలి మాట నుంచి తిరగరాత దాకా

కలిసి నవల రాయాలనుకునే భార్యాభర్తలు ముందుగా అడిగే ప్రశ్న, "అధ్యాయాలు ఎలా పంచుకోవాలి?" అని. నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది, "రాసినదాన్ని ఎలా దిద్దుకుంటాం?" అన్నది. మొదటి ప్రతి ఎవరికి వారు విడిగా రాసుకోవచ్చు. ఒకరు రాసిన పేజీ మీద రెండోవారు కలం పెట్టినప్పుడే ఉమ్మడి రచన మొదలవుతుంది. అక్కడ తడబడితే పుస్తకం ఆగిపోతుంది, ఇంట్లో మాటలూ తగ్గిపోతాయి.

మా ఆయనా నేనూ కలిసి ఒకే కుటుంబం చుట్టూ తిరిగే నాలుగు నవలలు రాశాం. మొదటిదానికి మూడేళ్లు పట్టింది, నాలుగోదానికి పద్నాలుగు నెలలు. మధ్యలో మాకు కుదిరింది పని చేసే పద్ధతి. దాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను. అన్నీ మీకు సరిపోకపోవచ్చు. కానీ తిరగరాత గురించి చెప్పిన భాగం మాత్రం ఏ జంటా దాటేయకూడదని గట్టిగా నమ్ముతున్నాను.

మొదటి అడుగు: సిరీస్ కంటే ముందు ఒక చిన్నకథ

సిరీస్ అంటే ఏళ్ల పని. దానికి దిగేముందు మూడు వేల పదాల కథ ఒకటి కలిసి రాయండి. సగం ఒకరు, సగం ఇంకొకరు. తర్వాత సగాలు మార్చుకుని దిద్దండి. కథ బాగా రావాలన్న పట్టుదల ఈసారికి అక్కర్లేదు. మీ వాక్యాన్ని మీ ఆయనో, మీ ఆవిడో కొట్టేసినప్పుడు మీకు ఎలా ఉందో గమనించండి. కొంచెం చురుక్కుమనడం సహజం, అందరికీ ఉంటుంది. ఆ మంట మర్నాటికి చల్లారిందా, లేక వారం తర్వాత ఇంకేదో మాటలో బయటికొచ్చిందా అన్నది చూసుకోవాలి.

రెండోది జరిగితే నవల మానుకోమని నేను చెప్పను. ఇంకో రెండు కథలు రాయమంటాను. మాకు మూడో కథకు గానీ కుదరలేదు.

రెండో అడుగు: ముందే మాట్లాడుకోవాల్సినవి

ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని కొన్ని విషయాలు కాగితం మీద పెట్టండి. మనమధ్య కాగితాలేమిటి అనిపిస్తుంది. మాకూ అనిపించింది. కానీ నోటిమాటను ఇద్దరూ రెండు రకాలుగా గుర్తుంచుకుంటారు, అందులో ఎవరి తప్పూ ఉండదు.

పుస్తకం మీద ఎవరి పేరు ముందు? లేక ఇద్దరికీ కలిపి ఒక కలం పేరా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఫ్రాన్స్‌లో ఆన్, సెర్జ్ గోలోన్ దంపతుల చారిత్రక నవలామాలికకు పరిశోధన ఎక్కువగా భర్తది, రాత భార్యది. అయినా ఆ పుస్తకాలు ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో వెళ్లాయి. ఇంగ్లీషులో ఇద్దరి పేర్లూ కలిపేసి ‘సెర్జియాన్’ అన్న ఒకే మనిషిలా అచ్చు వేశారు. పేరు ఎలా ఉండాలో మీరు నిర్ణయించకపోతే ఇంకెవరో నిర్ణయిస్తారు.

డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి, ఒకరికి మధ్యలో ఆసక్తి పోతే రెండోవారు సిరీస్ కొనసాగించవచ్చా, ఆ పాత్రలతో విడిగా కథలు రాయవచ్చా అన్నవీ ఇప్పుడే రాసుకోండి. ఉమ్మడి రచన మీద హక్కులు సాధారణంగా ఇద్దరివీ. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం అలాంటి రచన కాపీరైట్ గడువును ఇద్దరిలో చివర మరణించినవారి నుంచి లెక్కిస్తారు. అయితే ఒకరి అనుమతి లేకుండా రెండోవారు ఏమేం చేయవచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అందుకే ఒక పేజీ ఒప్పందం రాసి ఇద్దరూ సంతకం చేయండి, వీలైతే న్యాయవాదికి చూపించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: నవలలోకి రాకూడని సొంత జీవితం ఏది? ఒకసారి నేను మా అత్తగారి మాట ఒకటి ఒక పాత్ర నోట పెట్టాను. నాకు అది ముచ్చటగా అనిపించింది. మా ఆయన చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "అది మా అమ్మ నాతో ఒంటరిగా ఉన్నప్పుడు అన్న మాట, నేను నీకు చెప్పుకున్నాను" అన్నారు. ఆ రోజే తీసేశాను. అప్పటి నుంచి మాకొక నియమం ఉంది. ఇంటి నుంచి తెచ్చిన ఏ సంఘటననైనా రాసేముందే అడగాలి. ‘వద్దు’ అంటే కారణం అడగకూడదు.

మూడో అడుగు: ఎవరు ఏం రాస్తారు

దీనికి తెలిసిన దారులు మూడు నాలుగున్నాయి.

ఒకటి, అధ్యాయం మార్చి అధ్యాయం. స్వీడన్‌కు చెందిన మాయ్ షోవాల్, పేర్ వాలూ అనే జంట 1965 నుంచి 1975 వరకు పది అపరాధ పరిశోధక నవలలు ఇలాగే రాశారు. పిల్లలు పడుకున్నాక రాత్రుళ్లు కూర్చుని చెరో అధ్యాయం రాసేవారు, తర్వాత మార్చుకుని దిద్దేవారు. ఇద్దరి శైలీ దగ్గరగా ఉన్నప్పుడు, లేదా దగ్గరకు తెచ్చుకునే ఓపిక ఉన్నప్పుడు ఇది బాగుంటుంది. కథ ప్రణాళిక మాత్రం చాలా గట్టిగా ఉండాలి.

రెండోది, పాత్రను బట్టి పంచుకోవడం. నవల రెండు మూడు పాత్రల దృష్టికోణంలో నడుస్తుంటే ఒక్కో పాత్రను ఒకరు తీసుకుంటారు. జేమ్స్ ఎస్.ఎ. కోరీ అన్న ఉమ్మడి కలం పేరుతో ఇద్దరు స్నేహితులు 2011 నుంచి 2021 దాకా రాసిన తొమ్మిది సైన్స్ ఫిక్షన్ నవలలకు ఈ పద్ధతే ఆధారం. ఇక్కడ రెండు గొంతులు వేరుగా వినిపించడమే పుస్తకానికి బలం అవుతుంది కాబట్టి మొదటిసారి రాసే జంటకు నేను ఇదే చెబుతాను.

మూడోది, ఒకరు రాస్తే ఇంకొకరు తిరగరాయడం. ఒకరికి కథ వేగంగా వస్తుంది, మరొకరికి వాక్యం బాగా వస్తుంది అన్నప్పుడు పనికొస్తుంది. కాకపోతే తిరగరాసేవారి శ్రమ బయటికి కనిపించదు. రాసేవారు దాన్ని నోరు తెరిచి గుర్తించాలి, మళ్లీ మళ్లీ.

నిక్కీ ఫ్రెంచ్ అన్న పేరుతో రాసే నిక్కీ జెరార్డ్, షాన్ ఫ్రెంచ్ దంపతులది కాస్త భిన్నమైన దారి. 1997 నుంచి వాళ్ల నవలలు వస్తున్నాయి, అందులో ఎనిమిది పుస్తకాల సిరీస్ కూడా ఉంది. కథంతా కలిసి అల్లుకుంటారు, రాయడం మాత్రం ఒకే గదిలో కాదు. విడిగా రాసి ఒకరికొకరు పంపుకుంటారు. ఏ భాగం ఎవరిదో బయట చెప్పరు. ఆ చివరి అలవాటు నాకు చాలా నచ్చింది. మా బంధువులు, స్నేహితులు "ఈ సీన్ నువ్వే రాసుంటావు" అన్నప్పుడు మేం కూడా ఔననీ కాదనీ చెప్పడం మానేశాం. ఒక సీన్‌కు యజమాని ఉన్నాడని పదిమందిలో ఒప్పుకుంటే, దాన్ని దిద్దడానికి రెండోవారికి చెయ్యి రాదు.

నాలుగో అడుగు: సిరీస్ మొత్తానికి ఒక పేజీ

ఒక్కో నవలకు విడివిడిగా ప్లాన్ వేసుకోవడం చాలదు. సిరీస్ మొత్తానికి ఒకే ఒక పేజీ ఉండాలి. అందులో రెండు రకాల ప్రశ్నలు రాయండి. ఈ నవలలోనే జవాబు దొరికేవి కొన్ని, చివరి నవల దాకా సాగేవి కొన్ని. ప్రతి పుస్తకంలో కనీసం ఒక పెద్ద ప్రశ్నకు పూర్తి జవాబు రావాలి. పాఠకుడు డబ్బు పెట్టి కొన్న పుస్తకానికి ఒక ముగింపు ఉండాలి. సాగే ప్రశ్నలు మూడుకు మించితే మోయలేం.

షోవాల్, వాలూ తమ పది నవలలనూ ఒకే పెద్ద కథగా, పుస్తకానికి ముప్పై అధ్యాయాల చొప్పున అనుకున్నారు. మీకు అంత కచ్చితమైన లెక్క లేకపోయినా ఫరవాలేదు. ముగింపు దిశ మాత్రం ఇద్దరికీ ఒకటే అయి ఉండాలి. ఎవరు బతుకుతారు, ఎవరు క్షమిస్తారు, ఇల్లు ఎవరికి మిగులుతుంది. వీటి మీద ఇద్దరి మనసులో రెండు ముగింపులుంటే అది రెండో నవల మధ్యలో బయటపడుతుంది. అప్పటికి మొదటిది అచ్చయి ఉంటుంది.

ఐదో అడుగు: రిజిస్టర్

పాత్రలు, కాలం, స్థలాలు, భాష. వీటన్నిటికీ ఒక పుస్తకం పెట్టుకోవాలి. మేం దాన్ని రిజిస్టర్ అంటాం. పుట్టిన సంవత్సరాలు, పాత గాయాలు, ఇంటి గదుల అమరిక, ఎవరికి ఏ రహస్యం ఏ అధ్యాయంలో తెలిసింది, ఇవన్నీ అందులో ఉండాలి. ‘ఎవరికి ఏం తెలుసు’ అన్న పట్టిక అన్నిటికంటే విలువైనది. ఒకరే రాస్తే అది తలలో ఉంటుంది. ఇద్దరు రాస్తే, ఒకరి అధ్యాయంలో ఇంకా తెలియని విషయం రెండోవారి అధ్యాయంలో పాత్ర నోట మామూలుగా వచ్చేస్తుంది.

తెలుగులో రాసేవారికి ఇంకో పట్టిక తప్పనిసరి: ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు. మా మొదటి నవలలో చెల్లెలు అన్నయ్యను ‘నువ్వు’ అంటుంది, అది నా అధ్యాయం. రెండో నవలలో అదే చెల్లెలు ‘మీరు’ అంటుంది, అది మా ఆయన అధ్యాయం. ఆయన పెరిగిన ఇంట్లో అన్నయ్యను మీరు అంటారు. ఆయనకు అది తప్పని తోచే అవకాశమే లేదు. ప్రూఫులు చదివేటప్పుడు కూడా మా ఇద్దరి కళ్లూ దాని మీద ఆగలేదు. ఒక పాఠకురాలు ఉత్తరం రాసి, "వీళ్లిద్దరి మధ్య ఈ మధ్యలో ఏదో జరిగింది, అది మీరు ఎప్పుడు చెబుతారు?" అని అడిగారు. ఆ ప్రశ్న చదివి చాలా బాధపడ్డాం. ఆవిడ అంత శ్రద్ధగా చదివారు, మేం అంత శ్రద్ధగా రాయలేదు.

అలాగే కథకుడి గొంతులో పాత్రకు వాడే సర్వనామం. మొదటి నవలలో పదేళ్ల పిల్లవాణ్ణి ‘వాడు’ అని రాస్తాం. మూడో నవలలో అతనికి ఇరవై ఆరేళ్లు. ‘వాడు’ ఎప్పుడు ‘అతను’ అవుతాడు? ఇద్దరూ చెరో చోట మార్చేస్తే గందరగోళం. మేం మూడు రోజులు చర్చించి ఒక సీన్ ఎంచుకున్నాం. అతను తండ్రికి మొదటిసారి ఎదురుచెప్పే సీన్. దాని తర్వాతి పేరా నుంచి అతను. చాలామంది పాఠకులు దాన్ని గమనించి ఉండరు. గమనించినవాళ్లు మాత్రం ఆ చోటే సరైనదన్నారు.

వర్ణక్రమం కూడా రిజిస్టర్‌లోనే. చేశాడు, చేసాడు రెంటిలో ఏది? అయింది, అయ్యింది? కానీ, కాని? బస్సా, బస్ ఆ? ఒకటి ఎంచుకుని రాసిపెట్టండి. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు, నాలుగు పుస్తకాల్లోనూ అదే ఉండాలి.

ఆరో అడుగు: మొదటి ప్రతి

దీని గురించి ఎక్కువ చెప్పను. అధ్యాయానికి ఒక ఫైల్, ఫైల్ పేరులో నవల, అధ్యాయం, ఎన్నో ప్రతి అన్నవి. ఇద్దరికీ అందుబాటులో ఉండే గూగుల్ డాక్స్ లాంటిదైతే పాత ప్రతులు ‘వెర్షన్ హిస్టరీ’లో దొరుకుతాయి. వర్డ్ వాడితే, ఎవరు ఏం మార్చారో చూపించే ‘ట్రాక్ ఛేంజెస్’ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. రోజుకు ఇన్ని పదాలు అని కాకుండా వారానికి ఒక అధ్యాయం అని పెట్టుకోండి. ఇంటి పనులు, ఉద్యోగాలు ఉన్న ఇద్దరికి రోజువారీ లెక్క టెన్షన్ తప్ప ఇంకేమీ ఇవ్వదు. రాసే వారం ఎవరిదైతే, ఆ వారం ఇంటి పని రెండోవారిది ఎక్కువ. దీన్ని కూడా ముందే మాట్లాడుకోవాలి. చాలా ఇళ్లల్లో ఇది మాట్లాడుకోకపోవడం వల్లే ఒకరి అధ్యాయాలు సమయానికి వస్తాయి, ఇంకొకరివి రావు.

ఒకే ఒక్క కఠిన నియమం: మొదటి ప్రతి పూర్తయ్యేదాకా ఎదుటివారి అధ్యాయంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. చదవవచ్చు, ముందు కథ తెలియాలి కాబట్టి. అచ్చుతప్పు కనిపించినా వదిలేయాలి. ఈ నియమం మాకు పుట్టడానికి కారణం ఉంది. మొదటి నవల సగంలో ఉండగా నేను ఒక అధ్యాయం తెరిచేసరికి అందులో సగం వాక్యాలు నావి కావు. మా ఆయన రాత్రి కూర్చుని సాయం చేద్దామనే దిద్దారు. నాకు ఆ తర్వాత మూడు వారాలు ఆ నవల తెరవబుద్ధి కాలేదు. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే, సమయం మాత్రం తప్పు.

ఏడో అడుగు: తిరగరాత

ఇక అసలు పని. మొదటి ప్రతి అయ్యాక కనీసం నెల రోజులు పక్కన పెట్టండి. తర్వాత దశలవారీగా రండి. ఒక్కో దశలో ఒక్క విషయమే చూడాలి. అన్నీ ఒకేసారి చూస్తే, రేపు తీసేయబోయే సీన్‌లో కామాల కోసం ఇవాళ పోట్లాడుకుంటాం.

మొదటి దశ చదవడం మాత్రమే. ఇద్దరూ విడివిడిగా, కలం చేతిలో లేకుండా, మొత్తం నవల రెండు మూడు రోజుల్లో చదవాలి. చదివాక ఒకరితో ఒకరు మాట్లాడకముందే చెరో పేజీ రాయాలి. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ నమ్మలేదు, ఏది మనసులో నిలిచింది. అప్పుడు కాగితాలు మార్చుకోండి. ముందే మాట్లాడుకుంటే గట్టిగా చెప్పేవారి అభిప్రాయమే ఇద్దరిదీ అయిపోతుంది. ఇద్దరి కాగితాల్లోనూ ఉన్న సమస్యలు ఎలాగూ సరిచేయాల్సినవే. ఒకరి కాగితంలోనే ఉన్నవాటి మీదే చర్చ.

రెండో దశ కథ ఎముకలు. ప్రతి సీన్‌కూ ఒక వాక్యం రాసి వరసగా పెట్టండి. ఈ సీన్ తీసేస్తే తర్వాతి కథలో ఏం మారుతుంది? ఏమీ మారకపోతే తీసేయాలి, లేదా పక్క సీన్‌లో కలపాలి. ఇద్దరు రాసిన నవలలో ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంటుంది. ఒకే భావం ఉన్న సీన్ ఇద్దరూ చెరొకటి రాస్తారు. మా రెండో నవలలో తల్లి ఒంటరితనం చూపించే సీన్లు ఐదున్నాయి. మూడు ఆయనవి, రెండు నావి. రెండు మిగిల్చాం. ఎవరివి మిగిలాయన్న లెక్క వేసుకోకూడదు. వేసుకోవాలనిపిస్తుంది, అయినా వేసుకోకూడదు.

మూడో దశ మార్పిడి. ఇప్పుడే ఎదుటివారి అధ్యాయంలో చెయ్యి పెట్టాలి. ఆయన రాసినవన్నీ నేను, నేను రాసినవన్నీ ఆయన తిరగరాస్తాం. పక్కన వ్యాఖ్యలు రాసేటప్పుడు ‘నువ్వు’ అన్న మాట రాకూడదు. "నువ్వు ఇక్కడ తొందరపడ్డావు" అని రాస్తే అది మనిషి గురించి. "ఈ సీన్ తొందరగా అయిపోయింది, ఆమె భయం నాకు అందలేదు" అని రాస్తే అది పేజీ గురించి. అలాగే "బాగాలేదు" అని రాసి వదిలేయకూడదు. ఎక్కడ, ఎందుకు అన్నవి లేని వ్యాఖ్య దిద్దడానికి పనికిరాదు, బాధపెట్టడానికే పనికొస్తుంది. నచ్చిన చోటా గుర్తు పెట్టండి. ఏది తీసేయకూడదో ఎదుటివారికి ఎలా తెలుస్తుంది?

ఈ దశ ఏం చేస్తుందో ఒక ఉదాహరణ చూపిస్తాను. ఒకే సందర్భాన్ని ఇద్దరం విడిగా రాసిన ప్రతులు ఇవి. మా ఆయన రాసింది:

"పదకొండేళ్ల క్రితం ఇల్లు వదిలిపోయిన తమ్ముడి దగ్గర నుంచి వచ్చిన ఆ ఉత్తరాన్ని చూడగానే సుభద్రకు కోపమూ దుఃఖమూ ఏదో తెలియని భయమూ ఒక్కసారిగా కలిగాయి, ఎందుకంటే వాడు బతికి ఉన్నాడని నమ్మడం ఆమె ఏనాడో మానేసింది."

నేను రాసింది:

"ఉత్తరం. తమ్ముడి చేతిరాత. సుభద్ర చేతులు వణికాయి. తలుపు వేసింది. గడియ పెట్టింది. కూర్చుంది. విప్పలేదు."

ఆయన వాక్యంలో కథ ఉంది, కానీ భావాలకు పేర్లు పెట్టేసి పాఠకుడికి పని లేకుండా చేసింది. నా వాక్యాల్లో సన్నివేశం కళ్లకు కడుతుంది, కానీ పదకొండేళ్ల బరువు ఎక్కడా లేదు, పైగా ముక్కలు ముక్కలుగా కొట్టుకుంటోంది. రెండు మూడుసార్లు చేతులు మారాక ఇలా వచ్చింది:

"చేతిరాత చూడగానే తెలిసిపోయింది. పదకొండేళ్లయినా వాడి ‘స’ మీద తలకట్టు పక్కకు జారడం మానలేదు. సుభద్ర తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చుంది. వాడు లేడనుకోవడం అలవాటు కావడానికే ఆమెకు నాలుగేళ్లు పట్టింది. ఉత్తరం విప్పలేదు."

జారిన తలకట్టు మా ఇద్దరి మొదటి ప్రతుల్లోనూ లేదు. అది దిద్దుకునేటప్పుడు పుట్టింది, ఎవరికి తట్టిందో ఇద్దరికీ గుర్తు లేదు. తిరగరాతకు ఇంత చోటు ఇవ్వడానికి నాకున్న కారణం ఇలాంటి వాక్యాలే.

నాలుగో దశ గట్టిగా చదవడం. ఒకరు రాసిన సంభాషణను రెండోవారు చదవాలి. రాసినవారికి ఏ మాట నొక్కాలో తెలుసు కాబట్టి తమ నోట అది బాగానే వినిపిస్తుంది. రెండోవారు తడబడిన ప్రతిచోటా గీత పెట్టండి. మాట సహజంగా లేదన్నమాట. పాత్రలన్నీ ఒకేలా మాట్లాడుతున్నా ఇక్కడే దొరికిపోతుంది. ఒక పాత్ర యాస మొదటి నవలలో ఎంత మోతాదులో ఉందో అంతే ఉందా అన్నదీ చెవికే తెలుస్తుంది.

ఐదో దశలో నవల మొత్తం ఒకే చేతి గుండా వెళ్లాలి. ఇద్దరిలో ఒకరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వాక్యం వాక్యం సరిచేస్తారు. తర్వాతి నవలకు రెండోవారు. ఈ ఒక్క చేతి దశ లేకపోతే ఇద్దరి రాత అతుకులుగా మిగులుతుంది. ఇక్కడ ఇద్దరి చేతి అలవాట్లనూ ఏరిపారేయాలి. మా ఆయన పాత్రలు మాటమాటకూ నిట్టూరుస్తాయి, నా పాత్రలు ‘చిన్నగా’ నవ్వుతాయి. ఇవి వెతికేటప్పుడు తెలుగులో ఒక జాగ్రత్త అవసరం. ప్రత్యయాలు మాటకు అతుక్కుంటాయి కాబట్టి పూర్తి మాట వెతికితే సగమే దొరుకుతాయి. ‘నిట్టూర్చాడు’ అని కాకుండా ‘నిట్టూ’ అని వెతకండి. ఇంకొకటి, ‘ఫోన్‌లో’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఇద్దరు రెండు కీబోర్డులు వాడితే ఒకేలా కనిపించే మాట కూడా వెతుకులాటలో దొరకకపోవచ్చు. అనుమానం వస్తే ఆ మాట మొదటి భాగమే వెతకడం మంచిది.

ఎనిమిదో అడుగు: ఒప్పుకోలేనప్పుడు

ఎంత పద్ధతిగా వెళ్లినా కొన్నిచోట్ల ఇద్దరూ పట్టు విడవరు. అప్పటికి మూడు మార్గాలు పెట్టుకున్నాం.

చిన్న విషయమైతే ఆ పాత్ర ఎవరిదో వారి మాటే చివరిది. సీన్ అంత విషయమైతే రెండు రకాలుగానూ రాస్తాం, మర్నాడు ఉదయం వరకూ ఎవరూ నోరెత్తం. చాలాసార్లు ఉదయానికి ఒకరు రెండోవారి ప్రతి బాగుందని తామే చెబుతారు. ఇక పాత్ర చావులాంటి పెద్ద విషయమైతే, ఇద్దరూ ఒప్పుకునేదాకా కథ ముందుకు కదలదు. మూడో నవల ఇలా ఐదు నెలలు ఆగింది. ఆ ఐదు నెలలు వృథా అని నేను అనుకోవడం లేదు. చివరికి దొరికిన దారి మా ఇద్దరిలో ఎవరూ మొదట చెప్పింది కాదు.

నవల గురించి మాట్లాడకూడని చోట్లు కొన్ని ఉండాలి. మాకు పడకగది, భోజనం, మూడోవారి ఎదుట. ఇంటి గొడవ ఏదైనా నడుస్తుంటే ఆ రోజు ఎదుటివారి అధ్యాయం తెరవకండి. కోపంలో ఉన్నప్పుడు కొట్టేసిన వాక్యం బాగాలేక కొట్టేశారో, కోపానికి కొట్టేశారో మీకే తెలియదు.

తొమ్మిదో అడుగు: బయటివారి కళ్లు

భార్యాభర్తలకు చెప్పకుండానే అర్థమయ్యేవి చాలా ఉంటాయి. అవి పేజీ మీద లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తాయి. అందుకే మీ ఇద్దరికీ బాగా దగ్గర కాని ముగ్గురు పాఠకులు కావాలి. వారిలో ఒకరైనా సిరీస్‌లో ముందటి పుస్తకం చదవనివారై ఉండాలి. వారి అభిప్రాయం ఇద్దరికీ కలిపి ఒకేసారి రావాలి. ఒకరికి ఫోన్ చేసి చెప్పి, వారు రెండోవారికి చేరవేస్తే ఆ విమర్శ దారిలో రంగు మారుతుంది. ఎడిటర్‌తో కూడా అంతే. ఉత్తరాలన్నీ ఇద్దరికీ వెళ్లాలి, జవాబు మాత్రం మాట్లాడుకుని ఒక్కరే రాయాలి.

పదో అడుగు: అచ్చయ్యాక, తర్వాతి నవలకు ముందు

వీలైతే రెండో నవల మొదటి ప్రతి పూర్తయ్యేదాకా మొదటి నవల అచ్చుకు ఇవ్వకండి. రెండోది రాస్తుంటే మొదటిదాంట్లో ముందే నాటాల్సిన విత్తనాలు తెలుస్తాయి. ఒక అద్దం, ఒక అప్పు, ఒక మనిషి పేరు. అచ్చయ్యాక వాటిని నాటలేం. మేం మొదటిసారి ఆగలేదు. ఫలితంగా రెండో నవలలో ఒక పాత్రను, అంతకుముందు ఎవరూ తలచుకోని మేనమామను, ఉన్నట్టుండి తీసుకురావాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ పేజీ నాకు బాధగానే ఉంటుంది.

అచ్చయిన పుస్తకంలో పొరపాటు బయటపడితే రెండు రకాలుగా చూడండి. అక్షరదోషాలు, తేదీలు తర్వాతి ముద్రణలో సరిచేయవచ్చు. కథలో పొరపాటైతే దిద్దకుండా, తర్వాతి నవలలో దానికో కారణం దొరుకుతుందేమో వెతకండి. ‘నువ్వు’ అన్న చెల్లెలు ‘మీరు’ అనడానికి మేం చివరికి కారణం రాశాం. ఆ పాఠకురాలు అడిగినట్టే మధ్యలో ఏదో జరిగింది. మూడో నవలలో రెండు అధ్యాయాలు దాని గురించే. అందులో ఒకటి మా సిరీస్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది.

ప్రతి కొత్త నవల మొదలుపెట్టేముందు అంతకుముందువన్నీ వరసగా మళ్లీ చదవండి. పక్కపక్కన కూర్చుని, ఆయన మొదట రాసిన అధ్యాయాలు మీరు, మీరు రాసినవి ఆయన, గట్టిగా. రిజిస్టర్ ఇద్దరి మధ్యా తెరిచి ఉంచండి, కొత్తగా తట్టినవన్నీ పెన్సిల్‌తో అందులో రాయండి. మాకు నాలుగో నవలకు ముందు దీనికి పదిహేడు సాయంత్రాలు పట్టింది. తొమ్మిదో సాయంత్రం ఒక అధ్యాయం ఎవరు చదవాలో తేల్చుకోలేక, పాత ఫైళ్లు తెరిచి చూడాల్సి వచ్చింది.